కస్టమర్ వెతికే మాట నుంచి మీ వెబ్‌సైట్ దాకా: సమగ్ర మార్గదర్శి

వెబ్‌సైట్ పెట్టిన వ్యాపారి మొదట చేసే పరీక్ష గూగుల్‌లో తన సంస్థ పేరు కొట్టి చూడటం. సైట్ పైనే కనిపిస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ పరీక్ష వల్ల తెలిసేది చాలా తక్కువ. మీ పేరు తెలిసినవాళ్లు ఎలాగోలా మిమ్మల్ని చేరుకుంటారు. మీ పేరే వినని మనిషి ఫోన్ చేతిలోకి తీసుకుని తన ఇబ్బందిని తన మాటల్లో టైప్ చేసినప్పుడు మీరు కనిపిస్తున్నారా? తేల్చుకోవాల్సింది అది. వ్యాపారి తన పనిని పిలుచుకునే పేరు ఒకటి, కస్టమర్ వెతికే మాట ఇంకొకటి. ఈ రెండిటి మధ్య దూరం ఎంతో కనిపెట్టి, పేజీ పేజీగా తగ్గించుకుంటూ రావాలి.

మాట గాలిలో తేలకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం: గోడలకు, స్లాబులకు నీటి చెమ్మ రాకుండా వాటర్‌ప్రూఫింగ్ చేసే చిన్న సంస్థ. మీది ఏ వ్యాపారమైనా పద్ధతి ఇదే.

## వెతుకులాట ఎలా సాగుతుంది

గోడ మీద పెయింట్ పొట్టు లేచిన ఇంటివాళ్లు ఏం చేస్తారో చూడండి. మొదట "గోడ పెయింట్ పొట్టు ఎందుకు లేస్తుంది" అని కొడతారు. కారణం నీరేనని తెలిశాక "బాత్రూమ్ పక్క గోడకు చెమ్మ" అంటారు. ఆ తర్వాత "టైల్స్ పగలగొట్టకుండా బాత్రూమ్ లీకేజీ ఆపడం" అని అడుగుతారు. సొంతంగా అయ్యే పని కాదని అర్థమయ్యాకే "దగ్గర్లో వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లు" అని వెతుకుతారు. రెండు మూడు పేర్లు దొరికాక ఒక్కో పేరు పక్కన "రివ్యూలు" అని చేర్చి చూస్తారు. చివరికి నచ్చిన సంస్థ పేరే నేరుగా టైప్ చేసి ఫోన్ నంబరు తీసుకుంటారు. ఇదంతా ఒక్క గంటలో జరిగిపోవచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు.

"వాటర్‌ప్రూఫింగ్" అన్న మాట నాలుగో మెట్టు దాకా రానే లేదు. సంస్థ సైట్‌లో మాత్రం ప్రతి పేజీలోనూ "సమగ్ర వాటర్‌ప్రూఫింగ్ పరిష్కారాలు" అనే ఉంటుంది. మొదటి మూడు మెట్ల మీద ఉన్న కస్టమర్‌కు ఆ సైట్ కనిపించకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

2002లో ఆండ్రీ బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వెబ్‌లో జరిగే వెతుకులాటలను మూడు రకాలుగా విడదీశారు: ఏదైనా తెలుసుకోవడానికి, ఫలానా సైట్‌కు చేరుకోవడానికి, ఏదైనా పని జరిపించుకోవడానికి. ఈ విభజన ఇప్పటికీ పనికొస్తుంది. వ్యాపారికి నాలుగోది ఒకటి చేర్చుకుంటే మంచిది: ఇద్దరు ముగ్గురిని పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి వెతికేవి. "ఏది మంచిది", "రివ్యూలు", "గ్యారంటీ ఎన్నేళ్లు" లాంటి మాటలు తగిలాయంటే ఆ మనిషి నిర్ణయానికి దగ్గరలో ఉన్నట్టే.

ఇంకో సంగతి. రోజూ తమకు వచ్చే వెతుకులాటల్లో సుమారు 15 శాతం అంతకు ముందెప్పుడూ చూడనివని గూగుల్ చెబుతూ వస్తోంది. కాబట్టి అచ్చంగా ఒక వాక్యాన్ని పట్టుకుని పేజీ నిండా దాన్నే నింపడం దండగ. పేజీ ఒక ఇబ్బందిని పూర్తిగా పట్టుకోవాలి. అప్పుడు దాన్ని ఎవరు ఏ మాటల్లో అడిగినా గూగుల్ జత కలపగలుగుతుంది.

## 1. మాటలు పోగుచేయండి

ఖరీదైన టూల్స్ జోలికి వెళ్లకముందు మీ ఫోన్ దగ్గర ఒక పుస్తకం పెట్టుకోండి. కాల్ చేసిన ప్రతి మనిషీ చెప్పే మొదటి వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాయండి. "పైన వాళ్ల బాత్రూమ్ నుంచి మా సీలింగ్‌కి నీళ్లు దిగుతున్నాయండీ" అంటే అలాగే రాయాలి, "సీలింగ్ లీకేజీ" అని కుదించకూడదు. కుదించిన క్షణాన కస్టమర్ మాట పోయి మీ మాట మిగులుతుంది. వాట్సాప్ మెసేజ్‌లు, ఈమెయిళ్లు, మీకూ మీ పోటీదారులకూ వచ్చిన రివ్యూలు కూడా ఇలాగే తవ్వండి. రివ్యూల్లో పని పూర్తయ్యాక మనుషులు ఆ ఇబ్బందిని ఎలా చెప్పుకుంటారో బయటపడుతుంది.

తర్వాత గూగుల్ పెట్టె దగ్గరికి రండి. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి "గోడ చెమ్మ" అని టైప్ చేసి ఎంటర్ కొట్టకుండా ఆగండి. కింద వరుసగా వచ్చే సూచనలు మనుషులు నిజంగా వెతికినవాటి నుంచి వచ్చేవే. ఇప్పుడు మాట చివర ఒక ఖాళీ వదిలి ఒక్కో అక్షరం చేర్చి చూడండి, సూచనలు మారుతాయి. కర్సర్‌ను మాట ముందుకు తెచ్చి "ఎందుకు", "ఎలా" చేర్చి చూడండి, ఇంకొన్ని వస్తాయి. ఇన్‌కాగ్నిటోలో మీ పాత చరిత్ర పక్కకు పోతుంది కానీ మీరున్న ప్రాంతం ప్రభావం పోదు. అది గుర్తుంచుకోండి.

ఎంటర్ కొట్టాక ఫలితాల మధ్యలో "పీపుల్ ఆల్సో ఆస్క్" పెట్టె వస్తే అందులో ఒక ప్రశ్న నొక్కండి, కింద మరికొన్ని పుట్టుకొస్తాయి. పేజీ అడుగున వచ్చే సంబంధిత వెతుకులాటలు కూడా రాసుకోండి.

గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్ అనే టూల్ ఒక్కో మాటను నెలకు సగటున ఎన్నిసార్లు వెతుకుతున్నారో చెబుతుంది. ప్రకటనల మీద ఖర్చు పెట్టనివాళ్లకు సాధారణంగా కచ్చితమైన అంకె ఇవ్వదు, "100 నుంచి 1,000" లాంటి వెడల్పాటి పరిధి చూపిస్తుంది. అందులోని "కాంపిటీషన్" కాలమ్‌ను చాలామంది తప్పుగా చదువుతారు. అది ప్రకటనలు ఇచ్చేవాళ్ల మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో దాన్నిబట్టి తెలియదు. గూగుల్ ట్రెండ్స్‌లో 0 నుంచి 100 దాకా కనిపించే అంకెలు కూడా వెతికినవాళ్ల లెక్క కావు. ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో ఆదరణ అత్యధికంగా ఉన్న సమయాన్ని 100గా పెట్టి మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తుంది. ఏ నెలల్లో చెమ్మ గురించి వెతుకులాట పెరుగుతుందో, ఏ మాట వాడుక తగ్గిపోతోందో తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

కీవర్డ్ ప్లానర్‌లో అంకె చిన్నదిగా ఉందని మాటను కొట్టెయ్యకండి. "పైన వాళ్ల బాత్రూమ్ లీకైతే ఎవరు బాగుచేయించాలి" అని వెతికేవాళ్లు నెలకు పదిమందే కావచ్చు. ఆ పదిమందికీ పని ఇప్పుడే కావాలి.

లిపి సంగతి కూడా చూసుకోవాలి. ఒకే మనిషి ఒకే ప్రశ్నను సొంత లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో, సగం సగం కలిపి టైప్ చేస్తారు. నోటితో అడిగితే పూర్తి వాక్యంగా అడుగుతారు. మూడు రకాలుగానూ కొట్టి ఫలితాలు పోల్చండి. ఒకే పేజీలు వస్తుంటే నిశ్చింతగా ఉండండి. వేరువేరుగా వస్తుంటే మీ కస్టమర్లు ఏ రూపం ఎక్కువ వాడతారో వాట్సాప్ మెసేజ్‌లు, కాల్స్ బట్టి తేల్చుకుని, ముందు ఆ భాషలో పేజీ సిద్ధం చేయండి. ఇంగ్లీషు అక్షరాల్లో సొంత భాష రాసి పేజీలు నింపడం మాత్రం వద్దు. చదివేవాళ్లకు అది నరకం.

అన్నీ ఒక షీట్‌లో పెట్టండి. మాట, అది ఏ మెట్టుకు చెందుతుంది, దానికి జవాబిచ్చే పేజీ మన సైట్‌లో ఉందా, ఫలితాల్లో ఇప్పుడు ఏం కనిపిస్తోంది: ఈ నాలుగు కాలమ్‌లు చాలు. అరవై డెబ్భై మాటలు చేరితే చిన్న వ్యాపారానికి మొదటి విడతకు సరిపోతుంది.

## 2. ఫలితాల పేజీని చదవండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇది. ఆరు నెలల శ్రమ వృథా అయ్యేది కూడా ఇక్కడే. ఏ మాటకు ఎలాంటి జవాబు కావాలో గూగుల్ ఇప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చి ఉంటుంది. ఫలితాల పేజీ చూస్తే ఆ అభిప్రాయం తెలిసిపోతుంది.

షీట్‌లోని ముఖ్యమైన మాటలు ఒక్కొక్కటే ఫోన్‌లో కొట్టండి. కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లో. పైన మ్యాప్, దాని కింద మూడు సంస్థల పేర్లు వస్తున్నాయా? అయితే ఆ మాటకు కావలసింది వ్యాసం కాదు, మ్యాప్‌లో మీ ప్రొఫైల్. అన్నీ వివరించే వ్యాసాలే వస్తుంటే మీ "మా సేవలు" పేజీ అక్కడ నిలవదు, వివరించే పేజీ రాయాలి. వీడియోలు వరుసగా వస్తుంటే ఫోన్‌తో తీసిన మూడు నిమిషాల వీడియో పదిపేజీల వ్యాసం కన్నా ముందు చేరుతుంది. మొదటి ఫలితాలన్నీ డైరెక్టరీ సైట్లే (వ్యాపారాల జాబితాలు ఇచ్చేవి) అయితే వాటిని దాటడానికి పోరాడకుండా వాటిలో మీ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. కస్టమర్ ఎలాగూ అక్కడికే వెళ్తున్నారు.

"స్పాన్సర్డ్" అని ఉన్నవి డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటనలు. వాటిని లెక్కలోంచి తీసేయండి.

2024 మే నుంచి గూగుల్ ఫలితాల పైభాగంలో ఏఐ ఓవర్‌వ్యూ అనే సారాంశం మొదలైంది. ముందు అమెరికాలో, తర్వాత ఇతర దేశాల్లో. "ఎందుకు", "అంటే ఏమిటి" తరహా ప్రశ్నలకు జవాబు అక్కడే దొరికిపోతే కింద ఉన్న సైట్లకు క్లిక్‌లు తగ్గుతాయి. అందుకని వివరించే పేజీలు మానేయాల్సిన పనిలేదు. రెండు వాక్యాల్లో తేలిపోయే నిర్వచనాల మీద పేజీలు రాయడం మానేస్తే చాలు. కొలతలు, ఫొటోలు, తేడాలు గుర్తుపట్టే పరీక్షలు ఉన్న పేజీకి మనిషి ఇంకా వస్తారు, ఎందుకంటే తన గోడతో పోల్చుకోవాలి.

మీ ఒక్క ఫోన్‌లో చూసి నిర్ణయించకండి. మ్యాప్ ఫలితాలు రెండు కిలోమీటర్లు జరిగితేనే మారిపోవచ్చు.

## 3. ఏ మాట ఏ పేజీకి

పోగైన మాటలన్నిటికీ విడివిడిగా పేజీలు అక్కర్లేదు. రెండు మాటలు ఒకే పేజీకి చెందుతాయా లేదా అన్న అనుమానం వస్తే రెండిటినీ గూగుల్‌లో కొట్టి మొదటి పది ఫలితాలు పక్కపక్కన పెట్టండి. సగానికి పైగా అవే పేజీలైతే మీకూ ఒకటే పేజీ చాలు. "గోడకు చెమ్మ", "గోడ నెమ్ము" ఒకే పేజీలో ఒదుగుతాయి. "టెర్రస్ లీకేజీ" వేరే పేజీ అడుగుతుంది.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకే విషయం మీద నాలుగు పేజీలు రాస్తే ఏది చూపించాలో గూగుల్‌కు తేలదు. ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకొకటి చూపిస్తుంది, ఏదీ పైకి రాదు. అప్పుడు మంచిదాన్ని ఉంచి, మిగతావాటిలోని పనికొచ్చే భాగాలు అందులో కలిపి, పాత చిరునామాలను 301 రీడైరెక్ట్‌తో (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపు) దానికి మళ్లించండి. రెండో తప్పు ఊరి పేరు ఒక్కటే మార్చి అదే మ్యాటర్‌తో ముప్పై పేజీలు పెట్టడం. వీటిని గూగుల్ తన స్పామ్ నియమాల్లో డోర్‌వే పేజీలంటుంది. ఒక ప్రాంతానికి విడిగా పేజీ కావాలంటే అక్కడ చేసిన పనుల ఫొటోలు, అక్కడి కట్టడాల్లో తరచు వచ్చే లోపాలు, అక్కడ పనిచేసే మీ మనుషుల వివరాలు ఉండాలి. అవి లేకపోతే ఆ పేజీ వద్దు.

## 4. పేజీ రాయడం

"బాత్రూమ్ పక్క గోడకు చెమ్మ" పేజీని దగ్గరగా చూద్దాం.

టైటిల్‌లో, అంటే ఫలితాల్లో నొక్కడానికి కనిపించే పేజీ పేరులో, కస్టమర్ మాట ముందు రావాలి, సంస్థ పేరు చివర. "బాత్రూమ్ పక్క గోడకు చెమ్మ: ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం" అన్నది పనిచేస్తుంది. "హోమ్" అనో, "స్వాగతం" అనో, అన్ని పేజీలకూ సంస్థ పేరు ఒక్కటే పెట్టడమో పనిచేయవు. టైటిల్ ఇంత పొడవే ఉండాలని గూగుల్ నియమమేమీ లేదు. తెర వెడల్పును బట్టి మిగతాది కత్తిరిస్తుంది. ఫోన్‌లో కొట్టి, ముఖ్యమైన మాట తెగిపోతోందా అని కళ్లతో చూసుకోవడమే సరైన కొలత. ఒక్కోసారి మీ టైటిల్ పక్కన పెట్టి గూగుల్ పేజీలోని హెడ్డింగ్ తీసుకుని చూపిస్తుంది. అలా జరిగితే మీ టైటిల్‌కూ పేజీలోని విషయానికీ పొంతన కుదరలేదేమో చూడండి.

మొదటి పేరాలోనే జవాబు మొదలవ్వాలి. మీ సంస్థ ఎప్పుడు పుట్టింది, దార్శనికత ఏమిటి అన్నవి వేరే పేజీలో పెట్టుకోండి. ఈ పేజీకి వచ్చినవాళ్లకు తెలియాల్సింది చెమ్మ మూలం. ఏడాది పొడవునా ఒకేలా ఉండే మరక అయితే పైపు మీద అనుమానం పెట్టాలి. వానల తర్వాత పెరిగి ఎండల్లో ఆరిపోతే బయటి గోడ లేదా స్లాబ్ చూడాలి. నేల నుంచి సుమారు మీటరు ఎత్తు దాకే ఉండి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే భూమి నుంచి పైకి పాకుతున్న చెమ్మ కావచ్చు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు రీడింగ్ రాసుకోమనండి. గంట తర్వాత అది కదిలితే నీరు వచ్చే పైపు ఎక్కడో కారుతోంది. కదలకపోయినా డ్రైనేజీ పైపు, టైల్స్ సందులు ఇంకా అనుమానంలోనే ఉంటాయి, వాటిలోంచి పోయే నీరు మీటరుకు తెలియదు కాబట్టి. ఇంత వివరంగా చెప్పిన పేజీని చదివినవాళ్లు, తమ వల్ల కాదనిపించినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారో ఊహించండి. తెలిసినదంతా చెప్పేస్తే పని రాదన్న భయం చాలామందిలో ఉంది. మా లెక్కలో ఆ భయమే ఎక్కువ పని పోగొడుతోంది.

పేజీలో సొంత ఫొటోలు పెట్టండి, ప్రతిదానికీ అందులో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోకు జతచేసే వివరణ) రాయండి. సేవల జాబితా, చిరునామా, ఫోన్ నంబరు ఒక డిజైన్ చేసిన బొమ్మలో పెట్టి వదిలేయడం చాలా సైట్లలో కనిపిస్తుంది. వాటిని అక్షరాలుగా పేజీలో పెట్టాలి. ఫోన్ నంబరు వేలితో నొక్కితే కాల్ వెళ్లేలా ఉండాలి.

మెటా డిస్క్రిప్షన్, అంటే ఫలితాల్లో టైటిల్ కింద చూపించడానికి మీరు రాసిచ్చే చిన్న వివరణ, ర్యాంకును పెంచదు. చూసిన మనిషి నొక్కాలా వద్దా అనుకునేటప్పుడు అది పనికొస్తుంది. గూగుల్ తరచు దాన్ని కూడా మార్చి పేజీలోంచి ముక్క తీసి చూపిస్తుంది. పేజీ కోడ్‌లో మాటల జాబితా పెట్టే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకుకు వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ అందులో యాభై మాటలు నింపి దానికి బిల్లు వేసేవాళ్లు ఉంటే వాళ్లకు దూరంగా ఉండండి.

## 5. తలుపు తెరిచే ఉందా

ఎంత మంచి పేజీ అయినా గూగుల్ లోపలికి రాలేకపోతే లేనట్టే. తనిఖీ వరుస ఇది.

ముందుగా సెర్చ్ కన్సోల్‌లో (మీ సైట్ ఫలితాల్లో ఎలా ఉందో చూపే గూగుల్ ఉచిత టూల్) మీ సైట్ చేర్చండి. డొమైన్ మొత్తానికి చేర్చే పద్ధతి ఎంచుకుని, డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్‌లో (సైట్ పేరును సర్వర్‌కు జతచేసే సెట్టింగ్స్) ఒక టెక్స్ట్ రికార్డు పెడితే ధ్రువీకరణ అయిపోతుంది. తర్వాత పైనున్న తనిఖీ పెట్టెలో ముఖ్యమైన పేజీల చిరునామాలు ఒక్కొక్కటే అతికించండి. పేజీ గూగుల్ సూచికలో (ఇండెక్స్, అంటే చదివి దాచుకున్న పేజీల జాబితా) ఉందో లేదో, లేకపోతే ఎందుకో చెబుతుంది.

ఎక్కువగా దొరికే కారణాలు ఇవి. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లో "రీడింగ్" కింద సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది. సైట్ కడుతున్నప్పుడు పెట్టి, తెరిచిన రోజు తీయడం మర్చిపోతారు. దీనివల్ల నెలల తరబడి సైట్ కనిపించకుండా ఉండిపోతుంది. మొట్టమొదట చూడాల్సింది అదే. ఇక రోబోట్స్ ఫైలుకూ నోఇండెక్స్ ట్యాగ్‌కూ తేడా తెలియాలి. రోబోట్స్ ఫైలు పేజీ చదవొద్దంటుంది, నోఇండెక్స్ ఫలితాల్లో చూపించొద్దంటుంది. రెండూ ఒకే పేజీకి పెడితే గూగుల్ పేజీని తెరవదు కాబట్టి అందులోని నోఇండెక్స్ కనిపించదు. వేరే సైట్ల లింకులు ఉంటే చిరునామా ఒక్కటీ ఫలితాల్లో తేలుతుంది.

"క్రాల్ చేశాం, ప్రస్తుతం ఇండెక్స్ చేయలేదు" అన్న అర్థంలో సందేశం వస్తే గూగుల్ పేజీ చూసి పక్కన పెట్టిందన్నమాట. చాలాసార్లు పేజీ మరీ పలచగా ఉండటమో, ఇంకో పేజీకి నకలులా ఉండటమో కారణం. ఇండెక్స్ చేయమన్న బటన్ పదిసార్లు నొక్కినా త్వరపడదు. పేజీని మెరుగుపరచండి, మీ ఇతర పేజీల నుంచి దానికి లింకు ఇవ్వండి.

గూగుల్ ఇప్పుడు సైట్ మొబైల్ రూపాన్నే చదివి సూచికలో పెడుతుంది. కంప్యూటర్‌లో కనిపించి ఫోన్‌లో మాయమయ్యే పేరా ఏదైనా ఉంటే అది లేనట్టే లెక్క. వేగానికి గూగుల్ పెట్టిన కొలతలు మూడు: పేజీలోని అతిపెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, పేజీ తెరుచుకునేటప్పుడు భాగాలు అటూఇటూ గెంతే కొలత 0.1 దాటకూడదు. చిన్న వ్యాపారాల సైట్లలో మొదటి కొలత తప్పడానికి మామూలుగా పెద్ద పెద్ద ఫొటోలే కారణం. ఫోన్‌తో తీసిన 5 ఎంబీ ఫొటోను యథాతథంగా ఎక్కించకుండా తగ్గించి పెడితే సగం సమస్య తీరుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సైట్‌ను కొత్తగా డిజైన్ చేయించినప్పుడు వస్తుంది. పాత పేజీల చిరునామాలు మారిపోతాయి, ఎవరూ మళ్లింపులు పెట్టరు, ఏళ్లుగా సంపాదించుకున్న స్థానాలు కొన్ని వారాల్లో పోతాయి. డిజైనర్‌కు పని ఇచ్చేముందే పాత చిరునామాల జాబితా తీసి, ఒక్కోదాని ఎదుట కొత్తది రాసి, 301 రీడైరెక్ట్‌లు పెట్టడం ఒప్పందంలో చేర్చండి. ఆ మళ్లింపులు కనీసం ఏడాది ఉంచాలి. ఎప్పటికీ ఉంచితే ఇంకా మంచిది.

## 6. మ్యాప్‌లో మీ ప్రొఫైల్

"దగ్గర్లో" అని వెతికేవాళ్లకు వెబ్‌సైట్ కన్నా ముందు కనిపించేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇది ఉచితం. స్థానిక ఫలితాలు మూడింటి మీద ఆధారపడతాయని గూగుల్ చెబుతుంది: వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. దూరం మీ చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి.

ప్రధాన కేటగిరీ ఒకటి, అదనపు కేటగిరీలు 9 దాకా పెట్టుకోవచ్చు. ప్రధాన కేటగిరీ ఎంపికలో తొందరపడకండి. మీ ముఖ్యమైన మాటకు మ్యాప్‌లో వచ్చే మొదటి మూడు సంస్థలు ఏ కేటగిరీలో ఉన్నాయో చూసి, మీ పనికి అతి దగ్గరది తీసుకోండి. చేయని పనుల కేటగిరీలు చేర్చొద్దు. పేరు మీ బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయాలి. పేరు చివర "బెస్ట్ వాటర్‌ప్రూఫింగ్" అని తగిలిస్తే కొన్నాళ్లు లాభం కనిపించవచ్చు, కానీ అది నియమ విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. వివరణకు 750 అక్షరాలు ఇస్తారు. కస్టమర్ ఇంటికే వెళ్లి పనిచేసే వ్యాపారమైతే చిరునామా దాచి, సేవలందించే ప్రాంతాలు 20 దాకా ఇవ్వచ్చు.

పని పూర్తయిన ప్రతి కస్టమర్‌నూ రివ్యూ అడగండి. తగ్గింపు ఇస్తామని రివ్యూ అడగడం, బాగుందన్నవాళ్లనే ఏరి అడగడం నియమాలకు విరుద్ధం. చెడ్డ రివ్యూకు జవాబిచ్చేటప్పుడు రాసినవాళ్లతో వాదించకండి, ఆ జవాబు తర్వాత చదవబోయే వందమంది కోసం రాయండి.

ప్రొఫైల్‌లో వెబ్‌సైట్ లింకు పెట్టేటప్పుడు చిరునామా చివర యూటీఎం ట్యాగ్‌లు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తులు) చేర్చండి. లేకపోతే మ్యాప్ నుంచి వచ్చినవాళ్లూ మామూలు ఫలితాల నుంచి వచ్చినవాళ్లూ అనలిటిక్స్‌లో (సైట్‌కు వచ్చినవాళ్లను లెక్కించే టూల్) కలిసిపోతారు.

గూగుల్ బయట కూడా కాస్త పని ఉంది. మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో సైట్ చేర్చడానికి పది నిమిషాలు చాలు, సెర్చ్ కన్సోల్ నుంచి వివరాలు తెచ్చుకునే సదుపాయం అందులోనే ఉంది. చాట్‌జీపీటీ ద్వారా వెతికేవాళ్లకు కనిపించాలంటే దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ పంపే సెర్చ్ బాట్‌ను (సైట్లు చదివే ప్రోగ్రామ్) రోబోట్స్ ఫైలులో అడ్డుకోకూడదు. ఏఐ శిక్షణ కోసం వచ్చే వాళ్ల బాట్ వేరు. దాన్ని ఆపి, దీన్ని రానివ్వడం కుదురుతుంది.

## 7. ఏ మాటకు ఎవరు వస్తున్నారో చూడటం

సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో 16 నెలల సమాచారం ఉంటుంది. మొదట చేయాల్సింది మీ సంస్థ పేరున్న మాటలను ఫిల్టర్‌తో తీసేయడం. మిగిలిన క్లిక్‌లే మిమ్మల్ని తెలియనివాళ్లవి. మొత్తం 400 క్లిక్‌లలో 370 పేరు వెతికినవే అని తేలితే నిరుత్సాహపడకండి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిసిందంతే.

జాబితాలోని మాటల క్లిక్‌లు కలిపితే పైనున్న మొత్తానికి తక్కువ వస్తాయి. బహు కొద్దిమంది వెతికిన మాటలను గోప్యత కోసం గూగుల్ దాచేస్తుంది. అది లోపం కాదు. సగటు స్థానం అన్న అంకెను కూడా ఒంటరిగా నమ్మకండి. కొత్త మాటలకు 40వ స్థానంలో కనిపించడం మొదలైతే సగటు పడిపోతుంది, నిజానికి మీరు పెరుగుతున్నారు.

ఒక్కో మాటనూ ఇలా చదవండి. 8 నుంచి 20వ స్థానం మధ్య ఉన్నవి త్వరగా ఫలమిస్తాయి. ఆ పేజీలో తప్పిపోయిన ప్రశ్నలకు జవాబులు చేర్చి, సంబంధిత పేజీల నుంచి లింకులు ఇవ్వండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ పేజీ కనిపించిన సార్లు) చాలా ఉండి క్లిక్‌లు లేకపోతే ఆ మాటను ఫోన్‌లో కొట్టి చూడండి. పైన మ్యాపో, ఏఐ సారాంశమో చోటు తినేసిందా, టైటిల్ చప్పగా ఉందా, ఆ మాట వెతికేవాళ్లకు కావలసింది అసలు వేరేదా? మూడు కారణాలకూ మందులు వేరు. క్లిక్‌లు వచ్చి కాల్స్ రాకపోతే తప్పు వెతుకులాటలో లేదు, పేజీలో ఉంది: నంబరు కనిపించకపోవడం, ఫారం పొడుగ్గా ఉండటం, మీరు ఎక్కడెక్కడికి వస్తారో రాయకపోవడం.

కాల్ చేసినవాళ్లను "ఏమని వెతికితే మేం కనిపించామండీ?" అని అడగండి. "గూగుల్‌లో చూశాను" అన్న దగ్గర ఆపకుండా, టైప్ చేసిన మాట అడగాలి. సెర్చ్ కన్సోల్ దాచినవి కొన్ని ఇలా బయటికొస్తాయి.

మార్పు చేశాక దాని ఫలితం కొన్ని గంటల్లో కనిపించవచ్చు, కొన్ని నెలలూ పట్టవచ్చు. వారానికోసారి టైటిల్ మారిస్తే దేనివల్ల ఏమైందో ఎప్పటికీ తేలదు. ఒక మార్పు చేసి, తేదీ రాసుకుని, కొన్ని వారాలు వదిలేసి, అంతకు ముందు అన్నే వారాలతో పోల్చండి. వాన కాలాన్ని ఎండాకాలంతో పోల్చి సంబరపడటమో భయపడటమో చేయకండి, కిందటేడు అవే నెలలతో పోల్చాలి. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరైనా చెబితే ఆ సంభాషణ అక్కడే ముగించండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

మూడు నెలలకోసారి రిపోర్టులో ఇంకో పని ఉంది. ఒక్కో పేజీని ఎంచుకుని అది ఏయే మాటలకు కనిపిస్తోందో తెరవండి. మీరు తలచుకోని మాటలు అక్కడ కనిపిస్తాయి. టెర్రస్ లీకేజీ పేజీకి "స్లాబ్‌లోకి చెట్టు వేర్లు దిగాయి" అని వెతికినవాళ్లు వస్తుంటే, ఆ పేజీలో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేకపోతే, తర్వాత రాయాల్సిన పేజీ అదే. దాన్ని షీట్‌లో చేర్చి, ఫోన్‌లో కొట్టి, ఫలితాల్లో ఏముందో చూసి రాయడం మొదలుపెట్టండి.